పెట్టె మోసేటోడే అన్న: హాస్టల్ పొత్తుల చరిత్ర



కొత్త పిల్లలు హాస్టల్‌కు వచ్చే రోజులు ఇవి. రామారెడ్డి, మాచారెడ్డి, గాంధారి, లింగంపేట, ఎల్లారెడ్డి దిక్కు తండాల నుంచి ఒక ట్రంకు పెట్టె, ఒక బకెట్, ఒక దుప్పటి పట్టుకొని బస్సు దిగుతరు. మేమూ గట్లనే దిగినం. మా ఇండ్లల్లో కాలేజీ గేటు దాటిన మొదటోళ్లం మేమే. అందుకే సీనియర్లు అంటే ఎవరు, జూనియర్లను ఎట్ల చూసుకోవాలె అనే ముచ్చట చరిత్రతో సహా రాద్దామనుకున్నం. కొంచెం పొడుగున్నది, ఓపికతో చదవండి.

అమెరికా కాలేజీల్లో ఫ్రెటర్నిటీ అని ఒకటి ఉంటది. లాటిన్‌లో 'ఫ్రాటర్' అంటే అన్నదమ్ముడు. అంటే అన్నదమ్ముల సంఘం. దీని మొదలు 1776లో ఉన్నది. ఆ ఏడు డిసెంబర్ 5న వర్జీనియాలోని విలియం అండ్ మేరీ కాలేజీలో ఐదుగురు విద్యార్థులు కలిసి ఫై బీటా కప్పా అనే రహస్య సంఘం పెట్టుకున్నారు. వాళ్లకొక గుర్తు, వాళ్లకే తెలిసిన ఒక చేయి కలిపే పద్ధతి ఉండేవి. కానీ అసలు పని చర్చలు, వ్యాసాలు. తర్వాత 1825లో న్యూయార్క్ రాష్ట్రంలోని యూనియన్ కాలేజీలో కప్పా ఆల్ఫా సొసైటీ వచ్చింది. ఇప్పుడు మనం సినిమాల్లో చూసే ఫ్రెటర్నిటీల దారి అక్కడి నుంచే మొదలైంది.

ఈ సంఘాల్లో చేరాలంటే ఒక తంతు ఉండేది. మొదట అది ప్రమాణం లాంటిది. రాను రాను కొత్తోణ్ణి పరీక్ష పెట్టుడు, భయపెట్టుడు అయింది. 1873లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఇట్లాంటి తంతు కోసం రాత్రిపూట తీసుకపోయిన ఒక విద్యార్థి లోయలో పడి చనిపోయాడు. తమ్ముణ్ణి చేసుకుంటమని తీసుకపోయి ప్రాణం పోగొట్టిండ్రు.

అదే కార్నెల్‌లో ముప్పై ఏండ్ల తర్వాత ఇంకో కథ జరిగింది. 1904-05లో అక్కడ చదివిన నల్లజాతి విద్యార్థుల్లో ఆరుగురు మరుసటి ఏడు తిరిగి రాలేదు. మిగిలినోళ్లకు గుబులైంది. తెల్లవాళ్ల ఫ్రెటర్నిటీల్లో వీళ్లకు చోటు లేదు. వీళ్లలో కొందరు అవే ఇండ్లల్లో పని చేసి చదువుకున్నోళ్లు. అందుకే కలిసి చదువుకునే ఒక గుంపు పెట్టుకున్నారు. అదే 1906 డిసెంబర్ 4న ఆల్ఫా ఫై ఆల్ఫా అనే ఫ్రెటర్నిటీ అయింది. పెట్టినోళ్లు ఏడుగురు. తర్వాతి కాలంలో మార్టిన్ లూథర్ కింగ్ కూడా ఇందులో సభ్యుడే.

ఇక్కడ ఒక మాట ఆలోచించండి. ఒకే కాలేజీ, రెండు సంఘాలు. ఒకటి లోపలికి వచ్చేటోణ్ణి పరీక్షించింది. ఇంకొకటి బయటికి పోయేటోణ్ణి ఆపాలనుకున్నది.

అమెరికా మూలవాసుల పిల్లలు కూడా ఇదే దారి పట్టిండ్రు. 1994లో నార్త్ కరోలినా విశ్వవిద్యాలయం, చాపెల్ హిల్‌లో నలుగురు మూలవాసీ అమ్మాయిలు ఆల్ఫా పై ఒమేగా అనే అక్కచెల్లెళ్ల సంఘం పెట్టుకున్నారు. 1996లో అదే రాష్ట్రంలోని పెంబ్రోక్‌లో అబ్బాయిలు ఫై సిగ్మా ను పెట్టుకున్నారు. మనలెక్కనే వాళ్లకూ కాలేజీలో తమ భాష, తమ పండుగ తెలిసినోళ్లు కొందరే.

మన దగ్గర గ్రీకు అక్షరాల సంఘాలు లేవు. మన దగ్గర ఆ పని చేసింది హాస్టలే. 1918లో హైదరాబాద్‌లో రెడ్డి హాస్టల్ మొదలైంది. తర్వాత నగర కొత్వాలు అయిన రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి దానికి పెద్ద దిక్కు. పల్లె నుంచి పట్నం వచ్చిన పిల్లగానికి ఉండే చోటు, తినే కూడు, తెలుగు పుస్తకం దొరకాలన్నది ఆలోచన. గోలకొండ పత్రిక పెట్టిన సురవరం ప్రతాపరెడ్డి ఆ హాస్టల్ బాధ్యతలు చూసినోడే. 1938లో ఉస్మానియా హాస్టల్ విద్యార్థులు వందేమాతరం పాడొద్దంటే వినలేదు. వాళ్లను వెళ్లగొడితే చాలామంది నాగపూర్ పోయి చదువు సాగించిండ్రు. పి.వి. నరసింహారావు అందులో ఒకరు. ఒక గదిలో పండుకున్నోళ్లు ఒక మాట మీద నిలబడితే ఎంత బలమో అప్పుడే తెలిసింది.

ఆ రోజుల్లో మన తాతలు ఏడున్నరు? గొడ్లెంబడి, అడవెంబడి ఉన్నరు. కులాల హాస్టళ్లు ఎవరి కులానికి వాళ్లు పెట్టుకున్నరు, మనకు పెట్టేటోళ్లు లేరు. 1940లలో హైమన్‌డార్ఫ్ ఆదిలాబాద్ మార్లవాయిలో గోండు పంతుళ్లకు శిక్షణ మొదలుపెట్టించిండు, గోండి భాషలోనే పాఠాలు రాయించిండు. మన తెలంగాణ లంబాడీలకైతే 1976 సవరణ చట్టంతోనే ఎస్టీ గుర్తింపు వచ్చింది. అంటే మా నాయినలు పుట్టిన కాలంల మనకు హాస్టల్ హక్కు కొత్తది. మేము పండుకునే ఈ ఇనుప మంచం వెనక ఇంత చరిత్ర ఉన్నది.

కానీ పొత్తు మాత్రం మనకు కొత్త కాదు. తండా అంటే మొదట ఊరు కాదు, కలిసి నడిచే గుంపు. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకొని మన పెద్దలు దేశం తిరిగిండ్రు. ఒంటరిగా పోతే దారిల మిగలరు, అందుకే నాయక్ మాట మీద అందరు కలిసి నడిచిండ్రు. నడవలేనోణ్ణి ఇడిచిపెట్టి పోయేది తండా కాదు.

ఇప్పుడు మా తప్పు చెప్తం. పోయిన ఏడు కొత్తగా వచ్చిన ఒక తమ్మునికి రాత్రి పూట 'ఇంట్రో' పెట్టినం. మా సీనియర్లు మాకు పెట్టిండ్రు, మేము వీళ్లకు పెడుతున్నం, ఇది మన సంప్రదాయం అన్నం. వాణ్ణి నిలబెట్టి లంబాడీ పాట పాడుమన్నం. వాడు వాళ్లమ్మ పాడే పాట పాడిండు. మేము నవ్వినం. మాది కూడా అదే భాష, అయినా నవ్వినం. మూడో రోజు వాని మంచం ఖాళీ. పెట్టె లేదు.

రెండు వారాలకు మేము నలుగురం బండ్ల మీద వాళ్ల తండాకు పోయినం. వాడు పొలంల ఉన్నడు. వాళ్లమ్మ మమ్ముల హాస్టల్ అన్నలు అనుకొని జొన్న రొట్టెలు, కారం పెట్టింది. వాడు ఇంట్ల ఏం చెప్పలేదు. ఆ రొట్టె తినేటప్పుడు ఒక్కరం మాట్లాడలేదు. వాడు వచ్చి 'అన్నా, మంచిగున్నరా' అన్నడు. తిరిగి రమ్మంటే నవ్విండు, రాలేదు.

ర్యాగింగ్‌కు మన దగ్గర 1997 నుంచే చట్టం ఉన్నది. ఎగతాళి చేసి అవమానించినా ఆరు నెలల దాకా జైలు రాసి ఉన్నది. 2009లో యూజీసీ నియమాలు వచ్చినయి. ఎవరికైనా కష్టమైతే 1800-180-5522కు ఫోన్ చేయొచ్చు. అమెరికాలో నల్లజాతి ఫ్రెటర్నిటీల్లోకి కూడా ఈ రోగం వచ్చింది. ఆఖరికి 1990లో వాళ్ల ఉమ్మడి మండలే పాత చేరిక పద్ధతిని ఎత్తేసింది. అంటే సంప్రదాయం అన్నంత మాత్రాన మార్చరానిది కాదు. పెట్టుకున్నోళ్లే తీసేయొచ్చు.

మా హాస్టల్‌ల ఇంకో సంప్రదాయం కూడా ఉన్నది, దాన్ని ఎవ్వరూ గొప్పగా చెప్పరు. ఫైనలియర్ అయిపోయి పోయేటోళ్లు తమ పుస్తకాలు, బకెట్, పెట్టె తాళం జూనియర్లకు ఇచ్చి పోతరు. మా పుస్తకాల మీద మూడు నాలుగు పేర్లు రాసి ఉన్నయి. స్కాలర్‌షిప్ ఫారం ఎట్ల నింపాలె, ఏ సర్టిఫికెట్ కోసం ఏ ఆఫీసుకు పోవాలె అని చెప్పేది కూడా సీనియర్లే. ఇదే మన అసలు ఫ్రెటర్నిటీ అని మాకు ఇప్పుడు అర్థమైంది.

ఈ ఏడు మేము అనుకున్నది ఇది. బస్టాండుకు ఇద్దరం పోతం, కొత్త తమ్ముని పెట్టె మేము మోస్తం. ఇంట్రో సీనియర్లే ముందు చెప్పాలె. పాట పాడాలనిపిస్తే అందరం కలిసి పాడుతం. నెల రోజులకు ఎవరి మంచమన్నా ఖాళీ అయితే ఆ వారమే వాళ్ల తండాకు పోతం. పోయిన ఏటి తమ్ముని ఇంటికి మళ్లొకసారి పోతం, ఈసారి క్షమించుమని అడుగుతం. వాని పేరు రాసిన పుస్తకం ఒకటి మా దగ్గరనే ఉన్నది.

మీ హాస్టల్‌ల ఏ సంప్రదాయం ఉంచాలె, ఏది తీసెయ్యాలె, మీరు కూడా కూసొని మాట్లాడుకోండి.

జై సేవాలాల్.