కళ చేసిన దౌత్యము: దివిసీమ నుండి రామప్ప వరకు



సామ దాన భేద దండములను చతురుపాయములుగా నీతిశాస్త్రము చెప్పుచున్నది. సామమనగా మధురభాషణమని మాత్రమే మనము తలంతుము. ఓరుగల్లు చరిత్రను పరిశీలించినచో నృత్తగీతములకు కూడ అందు స్థానమున్నదని బోధపడును.

క్రీ.శ. 13వ శతాబ్దారంభమున కాకతీయ గణపతిదేవ చక్రవర్తి కృష్ణాసాగర సంగమ ప్రాంతమైన దివిసీమను జయించెను. అచ్చటి అయ్యవంశమును ఉన్మూలింపక, ఆ వంశకన్యలగు నారాంబ, పేరాంబలను పరిణయమాడెను. వారి సోదరుడైన జాయపను చేరదీసి, గుండామాత్యుని వద్ద కళలు అభ్యసింపజేసి, గజసేనకు అధిపతిని చేసెను. ఆ జాయప సేనానియే 1253-54 ప్రాంతమున సంస్కృతమున 'నృత్తరత్నావళి'ని రచించెను. ఎనిమిది అధ్యాయముల ఆ గ్రంథమున తొలి నాలుగు మార్గనృత్తమునకు, తక్కిన నాలుగు దేశినృత్తమునకు కేటాయింపబడినవి. ఓడిన వంశమున జన్మించినవాడు గెలిచినవాని ఆస్థానమున శాస్త్రకర్త అయ్యెను. ఖడ్గము భూమిని కలిపెను; విద్య మనస్సులను కలిపెను.

ఇందలి రహస్యమేమి? నాట్యము నాలుగు వేదముల సారమును గ్రహించి, సర్వవర్ణములవారికిని అధికారముగల పంచమవేదముగా వెలసినదని భరతముని సిద్ధాంతము. రసానుభూతికి భాష, దేశము అడ్డు కావు.

గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో పాలంపేటలో నిర్మించిన రుద్రేశ్వరాలయమే మన రామప్పగుడి. కాలక్రమమున పేరిణి నృత్తము లుప్తమైనను, నటరాజ రామకృష్ణగారు జాయప గ్రంథమును, ఆ గుడి శిల్పములను పరిశీలించి దానిని పునరుద్ధరించిరి. 1985 మహాశివరాత్రినాడు అది రామప్ప సన్నిధిలోనే ప్రదర్శింపబడెను. 2021 జులై 25న యునెస్కో ఆ ఆలయమును ప్రపంచ వారసత్వ సంపదగా ప్రకటించెను.

ఆ మరుసటి నెలలోనే మరియొక తెలుగు నృత్యము దేశాంతరమున వెలసినది. ఉక్రెయిన్ రాజధాని కీవ్‌లోని మరియిన్‌స్కీ రాజసౌధము ముందు 'ఆర్ఆర్ఆర్' చలనచిత్రములోని 'నాటు నాటు' పాట చిత్రీకరింపబడెను. 2023 మార్చిలో దానికి ఆస్కారు పురస్కారము లభించెను. ఆ గీతకర్త చంద్రబోసుగారు ఉమ్మడి వరంగల్లు జిల్లా చల్లగరిగ గ్రామస్థులు. అయితే ఆ చిత్రీకరణ జరిగిన ఆరు నెలలకే ఆ నగరముపై యుద్ధము వచ్చిపడెను. కళ యుద్ధమును ఆపజాలదు. కాని మనకు కేవలము పటములోని పేరుగా నుండిన నగరమును మన బాధలో భాగము చేయగలదు.

నా అనుభవ మొకటి. కొన్నేండ్ల క్రిందట రామప్పలో ఒక విదేశీయురాలు మదనికా శిల్పమును చూపి, ఆ పాదన్యాసమున కర్థమేమని మార్గదర్శి ద్వారా నన్నడిగెను. పనసలు పనసలుగా వేదము వల్లించినవాడను. దానికి పేరైన చెప్పలేకపోతిని. సిగ్గుపడితిని. నాటి రాత్రియే నృత్తరత్నావళి చదువుట ప్రారంభించితిని.

పరులు మెచ్చినపుడు గర్వించుట సులభము. వారడిగినపుడు చెప్పగలుగుటయే నిజమైన దౌత్యము. అందుకు మొదట మన ఇంట అధ్యయనము జరుగవలెను. రంగమండపము మరల అడుగుల సవ్వడి వినవలెను. ఈశ్వరార్పితమైన కళయే లోకమునకు పంచదగిన ప్రసాదము.

స్వస్తి.