కార్టిసోను వెల

1948 సెప్టెంబరు 21వ తేదీన, అమెరికాలోని రోచెస్టరు నగరమున, మేయో వైద్యశాలయందు, కీళ్ళవాతముచే మంచము పట్టిన ఇరువదితొమ్మిదేండ్ల యువతికి ఫిలిప్ హెంచ్ అను వైద్యుడు ఒక క్రొత్త మందును సూదితో నెక్కించెను. కొలది దినములలోనే ఆమె నొప్పి లేక నడచి, అంగడివీథికి పోయివచ్చెనని విని వైద్యలోకము విస్తుపోయెను. ఎడ్వర్డ్ కెండాల్ పశువుల అధివృక్కగ్రంథులనుండి పూర్వమే వేరుచేసినదియు, మెర్క్ కంపెనీవారు కృత్రిమముగా చేయ నేర్చినదియు నగు ఆ పదార్థమునకే పిమ్మట కార్టిసోనను పేరు వచ్చినది. 1950లో హెంచ్, కెండాల్, స్విట్జర్లాండు దేశమున అదే కృషి సల్పిన రైక్‌స్టైన్, ఈ మువ్వురకు నోబెల్ బహుమానము లభించినది. ఇంతవరకు వైద్యచరిత్ర గ్రంథములన్నింటను గలదు. ఆ మందు వెల ఎట్లు దిగెను, దానిని దింపినవారెవరు, దిగనీయక పట్టుకొన్నవారెవరు అను కథ మాత్రము వానిలో అంతగా కానరాదు.

మెర్క్‌వారు ఎద్దుల పిత్తమును కొని తెచ్చి, ముప్పదియాఱు దశలలో దానిని కార్టిసోనుగా మార్చుచుండిరి. ఒక్కొక్క దశయందును కొంత సరకు నష్టమగుచుండగా కడకు చేతికి చిక్కునది చిటికెడు. 1949లో దాని వెల గ్రామునకు 200 డాలర్లు. బంగారము ఔన్సు 35 డాలర్లున్న ఆ దినములలో, తూకమునకు తూకము చూచినచో, ఈ మందు బంగారముకంటె నూటడెబ్బది రెట్లకు పైగా ప్రియము. దినమునకు 100 మిల్లీగ్రాములు వలసిన రోగికి 20 డాలర్ల వ్యయము. కర్మాగారములో పనిచేయువాని దినకూలి అందులో దాదాపు సగము. పైగా ఇది నాలుగు దినములు మ్రింగి వదలివేయదగిన మందు కాదు. దీర్ఘకాలము వాడి హఠాత్తుగా మానినచో వ్యాధి తిరుగబెట్టుటయే గాక, పని మఱచిన అధివృక్కగ్రంథులు సకాలమున మేల్కొనక ప్రాణాపాయమును సంభవించును. కావున చేతిలో డబ్బు లేనివానికి దీనిని కొనుటయు కష్టమే, మానుటయు కష్టమే.

మొదట వెల తగ్గించినవి ఒక దుంప, ఒక బూజు. రసెల్ మార్కర్ అను రసాయనజ్ఞుడు మెక్సికోలోని వెరాక్రూజ్ అడవిదుంపలనుండి ప్రొజెస్టెరోనును విస్తారముగా తీయవచ్చునని నిరూపించి, 1944లో సింటెక్స్ అను కంపెనీ స్థాపనలో పాలుగొనెను. ఆ ప్రొజెస్టెరోనును కార్టిసోనుగా మార్చుటకు పదునొకండవ కర్బనపు స్థానమున ఒక ప్రాణవాయుపరమాణువును నిలుపవలెను. మహారసాయనజ్ఞులు అనేక దశలలో పడుచు లేచుచు సాధించిన ఈ కార్యమును, రైజోపస్ జాతికి చెందిన సామాన్యమైన బూజు ఒక్క దశలో చేసి చూపునని 1952లో అప్‌జాన్ కంపెనీకి చెందిన పీటర్సన్, మరే అనువారు ప్రకటించిరి. రొట్టె నిలువయుంచినచో పట్టు బూజునకు ఇది దాయాదియే సుమా! గ్రాము వెల కొలది వత్సరములలోనే 6 డాలర్ల ప్రాంతమునకు దిగెను. 1955లో షెరింగ్ కంపెనీవారు కార్టిసోనునకు నాలుగైదు రెట్లు బలముగల ప్రెడ్నిసోనును విపణికి తెచ్చిరి. దానితోబాటు ప్రెడ్నిసొలోను వచ్చెను. మోతాదు తగ్గినది, తయారీ ఖర్చు తగ్గినది. రోగి చెల్లించు సొమ్ము మాత్రము ఆ మేరకు తగ్గలేదు.

అది యేల తగ్గలేదో లోకమునకు 1959 డిసెంబరు 7వ తేదీన తెలిసినది. గుత్తాధిపత్యములను విచారించు సెనేట్ ఉపసంఘమునకు అధ్యక్షుడైన ఎస్టెస్ కెఫావర్, టెనెస్సీ రాష్ట్రమునుండి ఎన్నికైనవాడు, షెరింగ్ కంపెనీ అధ్యక్షుని ఎదుట కూర్చుండబెట్టుకొని ప్రెడ్నిసొలోను లెక్క తీసెను. ఆ కంపెనీ మందుపొడిని అప్‌జాన్‌వారివద్ద టోకుగా కొని, తాను మాత్రలుగా అచ్చొత్తించి సీసాలలో నింపించుచుండెను. ఇవన్నియు కూడి మాత్ర ఒక్కింటికి 1.57 సెంట్లు పడునని ఉపసంఘమువారు గణించిరి. దానినే అంగడివానికి 17.9 సెంట్లకును, అంగడివాడు రోగికి 29.8 సెంట్లకును అమ్ముచుండిరి. అనగా దాదాపు పందొమ్మిది రెట్లు. పరిశోధనకు ధనము వలదా, వైద్యులకు మందుల సంగతి తెలుపుటకు ఖర్చు కాదా యని కంపెనీవారు సమాధానమిచ్చిరి. ఇది పూర్తిగా త్రోసివేయదగిన మాట కాదు. కాని అదే మందును ప్రసిద్ధిలేని చిన్న కంపెనీలు ఎన్నో రెట్లు చౌకగా అమ్ముచుండగా, పెద్ద పేరుగలవారు దిగి రాకుండుటకు పరిశోధన యొక్కటే కారణమని నమ్ముట కష్టము.

రోగి ఆ చౌకమందునే ఏల కొనరాదు? వైద్యుడు చీటిపై వ్రాయునది కంపెనీ పెట్టిన పేరు. ఆ పేరు మార్చి అదే గుణముగల వేఱొకదానిని ఇచ్చుట ఆనాడు అమెరికాలోని అనేక రాష్ట్రములలో మందుల దుకాణదారునకు నిషిద్ధము. ఆ నిషేధములు 1970లలో గాని సడలలేదు. కాబట్టి పేదరోగికి మొదటి ఉపాయము వైద్యుని బ్రతిమాలి, ప్రెడ్నిసోనని సామాన్యనామమే వ్రాయించుకొనుట. రెండవది టపా అంగడి: విశ్రాంత ఉపాధ్యాయుల సంఘమువారు 1959లో సభ్యులకు చౌకధరలకు మందులను టపాలో పంపు ఏర్పాటు చేసిరి. ఈ రెండు ఉపాయములును నేటికిని చెల్లుచున్నవి.

కెఫావర్ సంఘము మన దేశమును కూడ ప్రస్తావించి, మందుల ధరలు మిక్కిలి హెచ్చుగానున్న దేశములలో భారతదేశ మొకటియని వ్రాసినది. వలసపాలన నాటి పేటెంటు చట్టమే యిచ్చట ఇంకను అమలులో నుండెను. రాజగోపాల అయ్యంగారి నివేదిక పునాదిగా 1970లో వెలసి, 1972లో అమలునకు వచ్చిన క్రొత్త చట్టము మందునకు గాక, మందుచేయు పద్ధతికి మాత్రమే పేటెంటు నిచ్చెను. హైదరాబాదులో ప్రభుత్వము నెలకొల్పిన ఐ.డి.పి.ఎల్. కర్మాగారమున పని నేర్చిన అంజిరెడ్డిగారివంటివారు ఆ చట్టపు నీడలోనే సొంత పరిశ్రమలు పెట్టిరి.

ఈ కథకు ఇటీవలి అధ్యాయ మొకటి కలదు. డచెన్ అను కండరక్షయముగల బాలురకు వాడు డెఫ్లజాకార్ట్ యూరపునందును మన దేశమునందును బహుకాలముగా దొరకు స్టెరాయిడు. అమెరికా తలిదండ్రులు దానిని విదేశములనుండి ఏటికి వేయి, రెండువేల డాలర్లలో తెప్పించుకొనుచుండిరి. 2017 ఫిబ్రవరి 9వ తేదీన దానికి తమ దేశమున అనుమతి పొందిన మారథాన్ కంపెనీ, అరుదైన వ్యాధుల మందునకు చట్టమిచ్చు ఏడేండ్ల ప్రత్యేకహక్కును చేతబట్టుకొని, ఏటికి 89,000 డాలర్ల ధర ప్రకటించెను. శాసనసభ్యులు ఆగ్రహింపగా ఆ కంపెనీ అమ్మకము నిలిపి, హక్కులను వేఱొక కంపెనీకి విక్రయించి తొలగెను. క్రొత్తవారు ధర కొంత దించిరి గాని అదియును వేలకొలదిగనే నిలిచెను. ఆ ఏడేండ్లు తీరిన దినముననే, 2024 ఫిబ్రవరి 9న, అమెరికా ఔషధనియంత్రణశాఖ తొలి జనరిక్ డెఫ్లజాకార్ట్ మాత్రలకు అనుమతి నిచ్చెను. ఆ అనుమతి పొందినది హైదరాబాదునకు చెందిన అరబిందో ఫార్మా.