పన్ను లెక్క నుంచి పసివాళ్ల పండగ దాకా

యూదుల పంచాంగంలో షెవాత్ నెల 15వ రోజు తు బిష్వాత్, చెట్ల కొత్త సంవత్సరం. జనవరి రెండో సగంలోనో ఫిబ్రవరి మొదటి సగంలోనో వస్తుంది. ఇజ్రాయెల్‌లో బాదం చెట్లు ఇంకా ఆకు తొడగకుండానే పూతకొచ్చే రోజులవి. శిశువిహారాల్లో పిల్లలు మట్టి పిసికి మొక్కలు నాటుతారు. అత్తి, దానిమ్మ, ఖర్జూరం చేత్తో తడిమి, వాసన చూసి, రుచి చూస్తారు. తేదీ చాలా పాతది. పిల్లల చేత మొక్కలు నాటించడం మాత్రం 130 ఏళ్ల పైచిలుకు మాట, అంతే.

మొదట్లో ఇది పండగే కాదు, లెక్క. పండ్లలో దశమభాగం విడిగా తీసిపెట్టాలన్నది యూదుల ధర్మం. ఈ ఏటి కాపు, నిరుటి కాపు కలిసిపోకుండా ఎక్కడో ఒకచోట గీత గీయాలి కదా. చెట్టు నాటిన మొదటి మూడేళ్ల పండ్లు తినకూడదన్న నియమం కూడా ఉంది కాబట్టి చెట్టు వయసూ తెలియాలి. ఆ గీత షెవాత్ 1న అని షమ్మాయ్ అనే గురువు శిష్యులు, 15న అని హిల్లేల్ అనే గురువు శిష్యులు వాదించుకున్న సంగతి యూదుల పాత ధర్మసంకలనం మిష్నాలో ఉంది. హిల్లేల్ వర్గం మాటే నిలిచింది.

ఆ తర్వాత యూదులు దేశదేశాలకు చెదిరిపోయారు. తూర్పు యూరప్ చలిలో, మంచు కప్పిన ఊళ్లలో, ఆ రోజు బడిపిల్లల చేతికి కేరబ్ కాయలు వచ్చేవి. చింతకాయలా పొడుగ్గా, ముదురు గోధుమరంగులో, పంటికి లొంగనంత గట్టిగా ఉంటాయవి. ఎంత దూరం ప్రయాణం చేసినా పాడవవు, అందుకే అవి. ఆ పిల్లలు కళ్లతో చూడని నేల నుంచి వాళ్ల దాకా వచ్చింది ఆ ఎండుకాయే.

1890లో, ఇప్పటి ఇజ్రాయెల్‌లోని జిఖ్రోన్ యాకోవ్ అనే ఊళ్లో జేవ్ యావెత్జ్ అనే బడిపంతులు తు బిష్వాత్ రోజున తన విద్యార్థులను మొక్కలు నాటడానికి వెంటబెట్టుకెళ్లాడు. 1908లో అక్కడి ఉపాధ్యాయ సంఘం దాన్ని అన్ని బడులకూ పండగ చేసింది. లెక్కల్లో ఉన్న తేదీని పంతుళ్లు పిల్లల చేతిలో పెట్టారు. విద్య చరిత్రలో ఇంత మంచి పని అరుదని నా నమ్మకం.

అమెరికాలోని యూదుల నర్సరీల్లో ఇప్పుడు ఇంకో అలవాటు ఉంది. ఆ రోజు ఒక్కో బిడ్డ చిన్న కప్పులో మట్టి నింపి పార్స్లీ విత్తనాలు చల్లుతుంది. అది కొత్తిమీర కుటుంబపు ఆకుకూరే, కానీ మొలకెత్తడానికి రెండు మూడు వారాలు పడుతుంది. పిల్లలు రోజూ నీళ్లు చిలకరించి, ఏమీ కనిపించని మట్టిని చూసి టీచర్‌ని అడుగుతూనే ఉంటారు. నాలుగేళ్ల బిడ్డకు ఓపిక ఇంతకన్నా బాగా నేర్పే పాఠం నాకు కనిపించదు. సరిగ్గా రెండు నెలలకు, నిసాన్ 15న, పస్కా పండగ వస్తుంది. అధికమాసం పడిన ఏడాది మూడు నెలలు. ఆ రాత్రి భోజనాల బల్ల దగ్గర ఆకుకూర ఉప్పునీళ్లలో ముంచి తినాలి. ఆ కొమ్మ తన కప్పులోంచి తనే తుంచి పెడుతుంది ఆ బిడ్డ.