కడెం నదిలో చేపల వేట

కడెం నది గోదావరికి ఎడమ గట్టు ఉపనది. ఇది ఆదిలాబాదు జిల్లాలోని బోథ్, బజారుహత్నూరు ప్రాంతపు కొండలలో పుట్టి, కుంటాల వద్ద సుమారు 45 మీటర్ల ఎత్తు నుండి జలపాతముగా దూకి, అడవుల గుండా ప్రవహించి గోదావరిలో కలుస్తుంది. ఉట్నూరు పరిసర గ్రామాలలోని గోండు, కొలాము, నాయకపోడు తదితర గిరిజనులకు వ్యవసాయము ప్రధాన వృత్తి కాగా, ఈ నదిలోను, దీనిలో కలిసే వాగులలోను పట్టే చేపలు అనుబంధ ఆహారము. చేపల వేట అనే పేరున్నప్పటికీ ఇక్కడ ఇది ప్రధానంగా తిండికి సంబంధించినది, వినోదానికి సంబంధించినది కాదు.

నది, ఋతువులు

కడెం వర్షాధారమైన నది. వర్షాకాలములో ఒక్క రాత్రిలోనే పొంగుతుంది, వేసవి నాటికి చాలా చోట్ల పాయలు ఎండి మడుగులు మాత్రమే మిగులుతాయి. చేపల వేట అంతా ఈ రెండు స్థితుల మీద ఆధారపడి ఉంటుంది. తొలి వరదకు చేపలు గుడ్లు పెట్టడానికి ప్రవాహానికి ఎదురెక్కుతాయి. అప్పుడు సన్నని పాయలలోను, కటువల వద్దను వాటిని పట్టడము చాలా సులభము. మృగశిర కార్తె ప్రవేశించిన రోజున చేపలు తినాలనే ఆచారము తెలుగువారిలో విస్తృతంగా ఉన్నది. అయితే ఆ కార్తె జూన్ మొదటి పక్షములో, సరిగ్గా చేపలు గుడ్లతో ఉండే కాలములోనే వస్తుంది. ఆ రోజులలో పట్టిన ఒక్కొక్క చేప వేల పిల్లల నష్టానికి సమానము.

వేసవి మడుగులది మరొక సమస్య. నీరు తగ్గినకొద్దీ చేపలన్నీ ఒకే చోట చేరతాయి. గాలముతోనో, వలతోనో పట్టితే కొన్ని మిగులుతాయి. మందు కలిపినా, తోటా పేల్చినా చిన్న పిల్లలతో సహా మడుగు మొత్తము ఖాళీ అవుతుంది, వచ్చే ఏటికి విత్తనము మిగలదు. మందు కలిపిన నీటిని పశువులు కూడా త్రాగుతాయి. బ్రిటిషు ఇండియాలో 1897 నాటి మత్స్య చట్టమే పేలుడు పదార్థాలతోను, విషముతోను చేపలు చంపడాన్ని నేరముగా ప్రకటించింది.

సాధనాలు, చేపలు

విసురు వల, గాలము, వెదురుతో అల్లిన మావు, ఊత అనేవి తెలుగు నాట వాగులలోను, నదులలోను వాడే సాధనాలు. ఊతను లోతు తక్కువ నీటిలో చేప మీద బోర్లించి, పై రంధ్రము గుండా చెయ్యి పెట్టి పట్టుకుంటారు. మావును నీటి దారికి అడ్డంగా పెట్టి వదలివేస్తే లోపలికి వెళ్ళిన చేప తిరిగి రాలేదు. గాలానికి వానపాము సాధారణమైన ఎర. కొర్రమట్ట (కొర్రమీను), వాలుగ, జెల్ల, బొమ్మిడాయి ఈ ప్రాంతపు నీళ్ళలో దొరికే చేపలు. కొర్రమట్ట తెలంగాణ రాష్ట్ర చేప.

కడెం ఆనకట్ట నిర్మాణము 1949లో ప్రారంభమైనది. 1958లో వరద నీరు కట్ట మీదుగా పొర్లి గండి పడినది. 2022 జూలైలో కూడా ప్రాజెక్టు పెద్ద ప్రమాదము అంచున నిలిచినది. చేపల దృష్టితో చూస్తే ఆనకట్ట వలన రెండు మార్పులు జరుగుతాయి. గోదావరి నుండి ఎదురెక్కే దారికి అడ్డు ఏర్పడుతుంది, జలాశయములో నిలువ నీరు చేరుతుంది. రవ్వ, బొచ్చె వంటి చేపలు నిలువ నీటిలో గుడ్లు పెట్టవు కాబట్టి జలాశయాలలో వాటి పిల్లలను విడుదల చేయవలసి ఉంటుంది. తెలంగాణ ప్రభుత్వము 2016లో ఉచిత చేప పిల్లల పంపిణీ ప్రారంభించినది.

హక్కులు

1940లో జోడేఘాట్ వద్ద మరణించిన కొమురం భీము పేరుతో ముడిపడిన "జల్, జంగల్, జమీన్" నినాదములో మొదటి మాట నీరు. భూమి, అడవి గురించి జరిగినంత చర్చ నీటి మీద, అందులోని చేప మీద జరగలేదు. 1996 నాటి పెసా చట్టము షెడ్యూల్డు ప్రాంతాలలోని చిన్న నీటి వనరుల ప్రణాళికను, నిర్వహణను తగిన స్థాయి పంచాయతీలకు అప్పగించాలని పేర్కొన్నది. 2006 నాటి అటవీ హక్కుల చట్టము చేపలను, ఇతర జల ఉత్పత్తులను సామూహిక హక్కులలో స్పష్టంగా చేర్చినది. ఈ హక్కు కోసము గ్రామసభ ద్వారా దరఖాస్తు చేసుకోవాలి.

మరొక వైపు కవ్వాల్ అభయారణ్యము 2012లో పులుల సంరక్షణ కేంద్రమైనది. అభయారణ్యములో ప్రవేశానికి వన్యప్రాణి సంరక్షణ చట్టము (1972) నియమాలు వర్తిస్తాయి. అందుచేత తన ఊరి వాగులో ఊత వేసే మనిషి హక్కుదారుడా, అతిక్రమణదారుడా అన్నది ఆ ఊరి సామూహిక హక్కు గుర్తింపు పొందినదా లేదా అన్న దానిపై చాలావరకు ఆధారపడి ఉంటుంది.

సందర్శకులు

నార్వే, అలాస్కా వంటి ఉత్తర ప్రాంతాలలో మార్గదర్శిని వెంటబెట్టుకొని నదిలో గాలము వేయడము పెద్ద పర్యాటక వ్యాపారము. దక్షిణ భారతములో దీనికి దగ్గరి ఉదాహరణ కర్ణాటకలో కావేరి ఒడ్డున భీమేశ్వరి, గాలిబోరె వద్ద నడచిన మహాసీరు శిబిరాలు. అక్కడ పట్టిన చేపను తిరిగి నీటిలో వదిలేవారు. వన్యప్రాణి చట్టము కారణంగా 2010 దశకపు తొలి సంవత్సరాలలో ఆ వేట నిలిచిపోయినది. శిబిరాల కాపలా వలననే తోటాలు పేల్చేవారు దూరంగా ఉన్నారని వేటగాళ్ళు, రక్షిత ప్రాంతములో వినోదపు వేట తగదని మరికొందరు వాదించారు.

కడెంలో గాలము వేయదలచిన వారు మొదట ఆ చోటు అభయారణ్యము పరిధిలోనిదో కాదో అటవీ శాఖ వద్ద తెలుసుకోవాలి. జలాశయములో వేటకు సంబంధించిన అనుమతుల గురించి మత్స్యశాఖను అడగాలి. మడుగుల లోతు, రాళ్ళ కింది జారుడు, ఎగువ వాన పడినప్పుడు నీరు పెరిగే తీరు స్థానికులకే తెలుస్తాయి. కుంటాల జలపాతము కింది గుండములో మునిగి పలువురు సందర్శకులు మరణించారు. నదిని ఎరిగిన ఊరి మనిషి తోడు లేకుండా నీటిలో దిగరాదు, వర్షాకాలములో అసలే దిగరాదు.