వంగకుండా తొడిగే విందు షూ

యూరప్‌లో విందుకూ వేడుకకూ తొడిగే షూ ఎలా ఉండాలో చాలాకాలం పాదం కంటే హోదాయే ఎక్కువగా నిర్ణయించింది. వేళ్లు ఇరుకున పడినా, మడమ ఒరుసుకున్నా, నాలుగడుగులు వేయడం కష్టమైనా అదంతా దొరతనం కిందే చెల్లిపోయింది. నడిచి బతకాల్సిన అవసరం లేనివాళ్లే అలాంటివి తొడిగేవారు మరి. అలాంటి షూ మెల్లమెల్లగా పాదానికి లొంగివచ్చింది. ఆ మార్పులో బూట్లు కుట్టేవారు, శరీర నిర్మాణ శాస్త్రజ్ఞులు, యంత్రాలు కనిపెట్టినవారు, పడవ నడిపేవారు, చివరికి ఎముకల వైద్యులు కూడా తలా ఒక చెయ్యి వేశారు. తుంటి కీలో మోకాలి కీలో మార్పించుకున్న మనిషి ఇవాళ క్రూయిజ్ నౌకలో సూటుకు నప్పే షూ తొడుక్కుని భోజనశాలకు హాయిగా నడిచి వెళ్తున్నాడంటే వీళ్లందరి పనీ ఆ జతలో ఉంది.

ఎడమ కుడి తేడా లేని జతలు

ఎత్తు మడమ యూరప్‌కు పర్షియా వైపు నుంచి వచ్చింది. అక్కడి రౌతులు రికాబులో పాదం జారకుండా మడమ ఉన్న పాదరక్షలు తొడిగేవారు. 1600 ప్రాంతంలో ఆ మోజు యూరప్ ప్రభువర్గానికి పట్టుకుంది. ఫ్రాన్సు రాజు పద్నాలుగో లూయీ ఆస్థానంలో ఎర్ర రంగు మడమ రాజానుగ్రహానికి గుర్తు.

మడమతో పాటు బూట్లు కుట్టేవారికి ఒక చిక్కూ వచ్చిపడింది. షూ కుట్టేది పాదం ఆకారంలో చెక్కిన కొయ్య అచ్చు మీద. ఎత్తు మడమకు సరిపడేలా ఎడమకొకటి, కుడికొకటి అచ్చులు చెక్కాలంటే పని రెట్టింపు, ఖర్చూ రెట్టింపు. అందుకని తిన్నగా ఉండే ఒకే అచ్చు మీద రెండు షూలూ కుట్టేవారు. 17వ శతాబ్దం నుంచి 19వ శతాబ్దం తొలి దశకాల దాకా యూరప్‌లో, అమెరికాలో ఈ పద్ధతే ఎక్కువగా నడిచింది. తొడగగా తొడగగా తోలు సాగి, ఏ పాదానికి ఆ ఆకారం వచ్చేదాకా నొప్పి భరించాల్సిందే.

దీన్ని శాస్త్రం వైపు నుంచి మొదట గట్టిగా ప్రశ్నించినవారిలో డచ్ శరీర నిర్మాణ శాస్త్రజ్ఞుడు పెట్రస్ కాంపర్ ఒకడు. మేలైన షూ ఎలా ఉండాలో చెబుతూ 1781లో ఆయన ఒక గ్రంథం వెలువరించాడు. 1858లో జ్యూరిక్‌లో హెర్మన్ ఫన్ మేయర్ అదే వాదాన్ని ఒక్క గీతతో తేల్చిచెప్పాడు. ఆరోగ్యంగా ఉన్న పాదంలో బొటనవేలి మధ్య నుంచి వెనక్కి గీత గీస్తే అది మడమ మధ్యకు చేరుతుంది. షూ ముందు భాగం మొనదేలితే బొటనవేలు ఆ గీత తప్పి పక్కకు ఒరుగుతుంది.

వాదం గెలిచినా అచ్చు చవక కాకపోతే బజారు మారదు. ఆ పని అమెరికన్ థామస్ బ్లాంచర్డ్ తరిమెన యంత్రం చేసింది. 1819లో తుపాకీ కర్రల కోసం ఆయన తయారుచేసిన ఈ యంత్రం ఎంత వంకరటింకర ఆకారాన్నయినా నమూనా చూసి అచ్చంగా అలాగే చెక్కేది. తర్వాత దాన్ని బూట్ల అచ్చులకూ వాడారు. ఎడమ, కుడి అచ్చులు అలా అందరికీ అందుబాటులోకి వచ్చాయి.

లేసు లేకుండా

షూ తొడుక్కోవడం కూడా ఒకప్పుడు పెద్ద పనే. 16వ శతాబ్దపు చివర్లో ఇంగ్లండ్‌లో రాబర్ట్ మిండమ్ అనే పనివాడు పశువుల కొమ్ముతో షూ హార్న్‌లు చేసి, ప్రతిదాని మీదా తన పేరు, అది ఎవరి కోసం చేశాడో వారి పేరు, సంవత్సరం చెక్కేవాడు. పువ్వులు, నగిషీలు నిండిన ఆ కొమ్ములు కొన్ని మ్యూజియాల్లో ఇప్పటికీ ఉన్నాయి. బిగుతు షూలోకి మడమ జారడానికి వాడిన ఆ చిన్న పనిముట్టే, పొడుగాటి పిడి తగిలించుకుని, ఇవాళ తుంటి ఆపరేషన్ అయినవారి మంచం పక్కకు చేరింది.

లేసు, గుండీ రెండూ లేని బూటును లండన్ తయారీదారు జోసెఫ్ స్పార్క్స్ హాల్ 1837లో విక్టోరియా రాణి కోసం చేశాడు. చీలమండకు రెండు పక్కలా సాగే గుడ్డ కుట్టి, లాగితే తొడుక్కునేలా తీర్చాడు. 1840లో పేటెంటూ తీసుకున్నాడు. మొదట్లో ఆ ఎలాస్టిక్ అంత గట్టిది కాదు. రబ్బరును గంధకంతో వేడిచేసి దృఢపరిచే పద్ధతి 1840ల్లో వాడుకలోకి వచ్చాక ఆ బూటు నిలదొక్కుకుంది. స్పార్క్స్ హాల్ 1846లో పాదరక్షల చరిత్ర మీద ఒక పుస్తకం కూడా రాశాడు. ఆయన బూటుకు వారసులే తర్వాతి కాలపు చెల్సీ బూట్లు.

పురుషుల సాయంకాలపు దుస్తుల్లో అన్నిటికంటే లాంఛనమైన షూకు కూడా లేసు ఉండదు. పైన సిల్కు బో కుట్టిన ఈ నల్లని పంపు షూ 19వ శతాబ్దపు నాట్యశాలల నుంచి వచ్చింది. అయితే దాని అట్ట పల్చన, పక్కలు పొట్టి; పాదాన్ని పట్టి ఉంచే బలం తక్కువ. అంతకంటే అనువైన నమూనా పల్లెపట్టు నుంచి వచ్చింది. నార్వేలోని ఔర్లాండ్‌లో నీల్స్ ట్వెరాంగర్ 1930 ప్రాంతంలో లేసు లేని షూ రూపొందించాడు. అమెరికాలో బాస్ సంస్థ 1936లో అదే తరహా షూను వీజన్స్ పేరుతో అమ్మకానికి తెచ్చింది. 1953లో గుచీ సంస్థ దాని మీద గుర్రపు కళ్లెం ఆకారపు లోహపు పట్టీ పెట్టాక, లోఫర్ అని పిలిచే ఈ షూ సూటు పక్కన కూడా చోటు సంపాదించుకుంది.

గడప దగ్గరే చెప్పులు విడిచే తెలుగు ఇళ్లలో లేసు లేని పాదరక్షే ఎప్పుడూ వాడుక. సూటు వేసుకున్నా లోఫర్ తొడిగే అలవాటు ఇక్కడ సులువుగా కుదిరింది.

అట్టలో దాగిన సౌకర్యం

షూ లోపలి సుఖం చాలావరకు కంటికి కనపడని చోట ఉంటుంది. 1858లో లైమన్ బ్లేక్ అట్టను పై తోలుకు కుట్టే యంత్రానికి పేటెంట్ పొందాడు. 1870ల్లో ఛార్లెస్ గుడ్‌ఇయర్ జూనియర్ పేరుతో వ్యాపించిన పద్ధతిలో పై తోలుకు, లోపలి అట్టకు చుట్టూ ఒక తోలు పట్టీ కుట్టి, దానికి కింది అట్టను కుడతారు. మధ్యలో మిగిలిన ఖాళీని బెండుతో నింపుతారు. తొడిగినకొద్దీ బెండు నొక్కుకుని పాదం అచ్చు తీసుకుంటుంది. అట్ట అరిగితే పైభాగం చెడకుండా ఊడదీసి కొత్తది వేయవచ్చు. మసాచుసెట్స్‌లోని లిన్ పట్టణంలో, సురినామ్ నుంచి వచ్చిన యాన్ మాట్జెలిగర్ 1883లో పై తోలును అచ్చు మీదికి లాగి బిగించే యంత్రానికి పేటెంట్ పొందాడు. చేయి తిరిగిన పనివాడు రోజుకు 50 జతలు బిగిస్తే ఆ యంత్రం వందల జతలు బిగించింది. మంచి షూ మధ్యతరగతి చేతికి అందింది.

ఆ తర్వాత పాదం లోపలి వంపు మీద దృష్టి పడింది. షికాగోలో విలియం షోల్ 1904లో పాదం వంపుకు ఊతమిచ్చే మెత్త తయారుచేశాడు. ఇటలీ నుంచి అమెరికా వెళ్లిన సాల్వతోరె ఫెర్రగామో విశ్వవిద్యాలయంలో శరీర నిర్మాణ శాస్త్రం చదివి, శరీర భారం పాదం వంపు మీద ఎలా పడుతుందో గమనించి, ఆ చోట షూలో ఉక్కు బద్ద అమర్చాడు. 1920ల్లో న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్‌లో ఛార్లెస్ బ్రానక్ తయారుచేసిన లోహపు కొలత పలక పాదం పొడవుతో పాటు వెడల్పునూ, మడమ నుంచి బొటనవేలి కీలు దాకా ఉన్న దూరాన్నీ చూపింది. పొడవు ఒకటే అయినా ఇద్దరికి ఒకే షూ ఎందుకు పట్టదో అంగట్లోనే తేలిపోయింది.

నౌకలో సాయంత్రం

వినోదం కోసం సముద్రయానం 19వ శతాబ్దంలో మొదలైంది. బ్రిటన్‌కు చెందిన పీ అండ్ ఓ సంస్థ 1844లో మధ్యధరా సముద్ర విహారాలకు ప్రకటనలు ఇచ్చింది. 1891లో జర్మన్ నౌకాధిపతి ఆల్బర్ట్ బాలిన్, శీతాకాలంలో ప్రయాణికులు తగ్గే ఆగస్టా విక్టోరియా నౌకను మధ్యధరా విహారానికి పంపాడు. 1900లో జలప్రవేశం చేసిన ప్రిన్జెసిన్ విక్టోరియా లూయీజ్ విహారం కోసమే కట్టిన తొలి నౌకగా పేరు పొందింది.

మొదటి తరగతిలో రాత్రి భోజనానికి ప్రత్యేకంగా దుస్తులు మార్చుకోవడం నియమం. పెట్టెలు విప్పని మొదటి రాత్రి, సర్దేసుకున్న చివరి రాత్రి మాత్రం మినహాయింపు. ఫ్రెంచ్ నౌకలు ఇల్ దె ఫ్రాన్స్, నార్మండీల్లో భోజనశాలకు పెద్ద మెట్ల వరస మీదుగా దిగాల్సి వచ్చేది. అందరి కళ్ల ముందూ దిగడమే అక్కడి వేడుక. ఊగే నౌక, నున్నటి తోలు అట్ట, మెట్లు కలిస్తే కీళ్లనొప్పులున్నవారికి అది వేడుక కాదు, పరీక్ష.

జారుడుకు విరుగుడు విలాస నౌకల్లో పుట్టలేదు. కనెటికట్‌లో పడవ మీద కాలు జారి పడ్డ పాల్ స్పెర్రీ, మంచు మీద జారకుండా పరుగెత్తే తన కుక్క పంజాల్లోని సన్నటి చీలికలు గమనించాడు. రబ్బరు అట్టను అలాగే చీల్చి 1935లో డెక్ షూ తెచ్చాడు. చీలికలు నీటిని పక్కకు తోసి తడి పలకను పట్టుకుంటాయి. ఆ కిటుకు తర్వాత దశాబ్దాల్లో సూటు కింద తొడిగే షూల అట్టల్లోకీ పాకింది. 1970ల నుంచి పరుగు షూల్లోని తేలికపాటి మెత్తని ఫోమ్ కూడా వాటిలోకి చేరింది.

కీలు మార్పిడి, ముడి వేయలేని లేసు

1958లో జెట్ విమానాలు అట్లాంటిక్ దాటడం మొదలుపెట్టాక ప్రయాణికుల ఓడలకు గిరాకీ పడిపోయింది. మిగిలినవి విహారం వైపు మళ్లాయి. వాటిలో తీరిక దొరికిన పెద్దవయసువారి సంఖ్య ఎక్కువ. సరిగ్గా ఆ కాలంలోనే వాళ్ల నడకను తిరిగి ఇచ్చిన వైద్యమూ కుదురుకుంది.

ఇంగ్లండ్‌లోని రైటింగ్టన్ ఆసుపత్రిలో జాన్ ఛార్న్‌లీ తుంటి కీలుకు ఉక్కు బంతి, ప్లాస్టిక్ గిన్నె అమర్చే పద్ధతి మీద పనిచేశాడు. మొదట వాడిన టెఫ్లాన్ గిన్నె కొద్ది కాలానికే అరిగిపోయింది. ఆయన ప్రయోగశాల సహాయకుడు హ్యారీ క్రేవెన్ పరీక్షించి చూపిన గట్టి పాలిథిలిన్ నిలిచింది. 1962 నవంబరులో దానితో మార్పిడులు మొదలయ్యాయి. మోకాలి విషయంలో న్యూయార్క్‌లో జాన్ ఇన్సాల్, భారత సంతతి వైద్యుడు చిత్తరంజన్ రణావత్, ఇంజనీరు పీటర్ వాకర్ కలిసి రూపొందించిన కీలు 1974లో వాడుకలోకి వచ్చింది. నేటి మోకాలి కీళ్లకు అదే మూలం.

ఛార్న్‌లీ ఘర్షణ తగ్గించడానికి బంతిని 22.25 మిల్లీమీటర్లకు కుదించాడు. సహజమైన తుంటి బంతిలో అది దాదాపు సగం. అంత చిన్న బంతి కొద్దిగా జరిగినా గిన్నె అంచు దాటుతుంది. ముఖ్యంగా వెనుక వైపు నుంచి ఆపరేషన్ చేసినప్పుడు, తుంటి బాగా వంగి కాలు లోపలికి తిరిగితే కీలు తొలగే ప్రమాదం ఉంది. అందుకే తుంటిని 90 డిగ్రీలకు మించి వంచరాదని, కాలు మీద కాలు వేయరాదని చెప్పే నియమాలు వచ్చాయి. కూర్చుని వంగి లేసు కట్టడం ఆ నియమాన్ని తిన్నగా ఉల్లంఘించే పని. పొడుగాటి షూ హార్న్, ముడి విప్పకుండానే సాగే ఎలాస్టిక్ లేసు, స్విట్జర్లాండ్‌కు చెందిన జార్జ్ ద మెస్ట్రల్ కనిపెట్టిన వెల్‌క్రో పట్టీ ఆసుపత్రుల నుంచి ఇళ్లకు చేరింది ఇందుకే. తర్వాత బంతులు పెద్దవయ్యాయి, శస్త్రచికిత్స పద్ధతులు మారాయి. చాలామంది వైద్యులు ఈ నియమాలను సడలించారు. ఎవరు ఎంతవరకు వంగవచ్చో ఆపరేషన్ చేసిన వైద్యుడే చెప్పాలి.

ఎంపికలో కుదిరిన ప్రమాణాలు

ఈ చరిత్ర అంతా కలిసి ఇవాళ్టి ఎంపికకు కొన్ని ప్రమాణాలు స్థిరపరిచింది. షూ వంగకుండా తొడుక్కునేలా ఉండాలి. అలాగని వెనుక తెరిచి ఉన్న చెప్పు పనికిరాదు. మడమను పట్టి ఉంచే గట్టి వెనుక భాగం ఉండాలి. అట్ట రబ్బరుదై, దానికి గాడులు ఉండాలి. మోకాలి మార్పిడి తర్వాత కాలి వాపు కొన్ని నెలలు ఉండవచ్చు గనుక లోతూ వెడల్పూ ఉన్న జత కావాలి. కొలత పాదం ఉబ్బి ఉండే సాయంత్రం పూట చూడాలి. కొత్త జతతో నౌక ఎక్కకుండా ఇంట్లో కొన్నాళ్లు నడిచి అలవాటు చేసుకోవడం మేలు.

ఎత్తు మడమ విషయంలో శాస్త్రం నిక్కచ్చిగా ఉంది. ఎత్తు మడమలు మోకాలి మీద వత్తిడి పెంచుతాయని 1998లో లాన్సెట్ వైద్య పత్రికలో ఒక అధ్యయనం వెలువడింది. 2001లో అదే పత్రికలో వచ్చిన మరో అధ్యయనం మడమ వెడల్పుగా ఉన్నా ఆ వత్తిడి తప్పదని చూపింది. కాబట్టి స్త్రీల విందు షూకు వెడల్పు ఒక్కటే చాలదు, ఎత్తూ తగ్గాలి.

నౌకల్లో నియమాలూ సడలాయి. నార్వీజియన్ క్రూయిజ్ లైన్ 2000లో లాంఛన దుస్తుల పట్టింపు తగ్గించిన విధానం తెచ్చింది. కునార్డ్ సంస్థ నౌకల్లో లాంఛనంగా ముస్తాబయ్యే గాలా రాత్రులు మిగిలే ఉన్నా, నల్లని సాదా లోఫరో పక్కల ఎలాస్టిక్ ఉన్న బూటో డిన్నర్ జాకెట్ కింద ఎవరికీ వింతగా కనిపించదు. తుంటి మార్పిడి తర్వాత కొందరికి ఒక కాలు కాస్త పొడవో పొట్టో అయినట్టు ఉంటుంది. వైద్యుడు ఎంత ఎత్తు కావాలో రాసిస్తే బూట్లు బాగుచేసేవారు ఆ వైపు మడమకు ఒక పొర కలుపుతారు. అందుకే అతికించిన అట్ట కంటే కుట్టిన అట్ట ఉన్న జత వీరికి ఎక్కువ కాలం ఉపయోగపడుతుంది.