దంతవేష్టం నుంచి దంతచలనం వరకు: పంటి ఎముక నష్టాన్ని పూడ్చే చికిత్సల చరిత్ర

సుశ్రుత సంహిత నిదానస్థానం ముఖరోగాలను వివరిస్తూ పంటికి వచ్చే వ్యాధులను ఒక వర్గంగా, పంటి మూలానికి వచ్చే వ్యాధులను మరొక వర్గంగా విభజించింది. రెండవ వర్గానికి చెందిన దంతవేష్టంలో చీము, నెత్తురు కారి పళ్ళు కదులుతాయని చెప్పింది. వేష్టమంటే చుట్టి ఉన్నది. ఆధునిక వైద్యం గ్రీకు మూలాల నుంచి కూర్చుకొన్న ‘పెరియోడాంటియమ్’ అనే మాటకు కూడా పంటి చుట్టూ ఉన్నదనే అర్థం. పంటిని నిలిపేది దాని చుట్టూ ఉన్నదేనన్న గ్రహింపు ఇంత పాతదైనా, చిగుళ్ళను నయం చేసే విద్య, పళ్ళను జరిపే విద్య చాలాకాలం వేర్వేరు దారుల్లోనే నడిచాయి. అవి ఏ వివాదం నడుమ కలిశాయో పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

ఫ్రెంచి వైద్యుడు పియర్ ఫొషార్ 1728లో ప్రచురించిన గ్రంథంలో రెండు విద్యలకూ చోటుంది. తరువాతి తరాలు వాటిని విడదీశాయి. అమెరికాలో జాన్ రిగ్స్ 1876 నాటికి వేరు మీద పేరుకొన్న గారను గీకి తీయడమే చిగుళ్ళ వ్యాధికి చికిత్స అని వాదించాడు. ఆ వ్యాధికి కొంతకాలం ఆయన పేరే నిలిచింది. 1904లో కార్ల్ సాండ్‌స్టెట్ కుక్కలపై చేసిన ప్రయోగాలు పంటిని నెట్టినవైపు ఎముక కరుగుతుందనీ, లాగినవైపు కొత్త ఎముక పుడుతుందనీ చూపాయి. పంటిని జరిపి ఎముకను మలచవచ్చుననే ఆలోచనకు పునాది ఇక్కడే ఉంది.

ఆ ఆలోచన వైద్యశాలకు చేరడానికి డెబ్బై ఏళ్ళు పట్టింది. 1974లో ఇంగ్‌బర్ వేరు పక్కన ఏర్పడిన ఎముక గుంటను పూడ్చడానికి పంటినే మెల్లగా పైకి లాగే పద్ధతిని ప్రతిపాదించాడు. పంటిని పట్టుకొన్న నారలు తమతో ఎముకను కూడా తెస్తాయి. గుంట లోతు తగ్గుతుంది. అయితే 1977లో ఎరిక్‌సన్, థిలాండర్, లిండే బృందం కుక్కలలో గమనించిన విషయం హెచ్చరిక వంటిది. పాచి ఉన్న పంటిని వంచితే ఆ పాచి చిగురు కిందికి దిగి, కొత్త గుంటలు తవ్వింది. ముందు చిగుళ్ళ శుద్ధి, ఆ తరువాతే తీగ అన్న క్రమానికి ఇది బలమైన ఆధారం.

అసలు చిక్కు 1984లో తేలింది. పోల్సన్ బృందం కోతుల పళ్ళను గుంటలలోకి జరిపినప్పుడు ఎముక గుంట మాయమైంది. సూక్ష్మదర్శిని కింద మాత్రం వేరుకూ ఎముకకూ మధ్య పలుచని చర్మపు పొర కనిపించింది. నారలు తిరిగి అతుక్కోలేదు. గుంట పూడటం, పన్ను అతకడం ఒకటి కావు. ‘ఎముక తిరిగి వచ్చింది’ అనే మాటను ఈ రంగంలో జాగ్రత్తగా చదవవలసింది ఇందుకే. ఆ పొరను అడ్డుకొనే మార్గాన్ని నీమన్ బృందం 1982లోనే చూపింది: చిగురుకూ వేరుకూ మధ్య ఒక తెరను ఉంచడం.

తెర వేసే శస్త్రచికిత్స, తీగ కలిసిన తరువాత మిగిలింది వ్యవధి ప్రశ్న. పునరుత్పాదక శస్త్రచికిత్స జరిగిన 4 వారాలకు పళ్ళను జరపడం మొదలుపెట్టిన రోగులను, 6 నెలలు ఆగినవారితో పోల్చిన బహుకేంద్ర పరీక్ష ఫలితాలు 2021లో వెలువడ్డాయి. రెండు వర్గాలలోనూ ఫలితం దాదాపు సమానమే.