విజయనగర తామ్రనాణెములు: వాని స్వరూప నిర్ణయము

ప్రౌఢదేవరాయల ముత్యాలశాలలో శ్రీనాథ కవిసార్వభౌమునకు కనకాభిషేకము జరిగినదను వృత్తాంతము తెలుగుదేశమున నెరుగనివా రరుదు. ఆ సభలో గురిసిన బంగారు టంకములను గూర్చి చాటువులు పుట్టినవి, కథలు పెరిగినవి. కాని యానాటి విపణివీథులలో సామాన్యజనుల చేతులు మారుచుండిన రాగినాణెమును గూర్చి వినవచ్చునది స్వల్పము. వరహాలను వర్తకులును దేవాలయములును భద్రపరచినవి. రాగిబిళ్ళలు పొలములలో బడి చిలుము పట్టినవి. దొరికినవి కంచరివాని మూసలో గరిగినవి. అయినను విజయనగర చరిత్రలోని కొన్ని విషయములకు బంగారముకంటె రాగియే మంచి సాక్షి. ఆ సాక్ష్యమును గ్రహించుటకు మార్గ మెట్టిదో విచారించుటయే యీ వ్యాసమున నుద్దేశింపబడినది.

ఆకాలపు నాణెముల పరస్పర సంబంధమును దెలుపు సమకాలిక లేఖ యొకటి కలదు. హిరాతు ప్రభువగు షారుఖుని దూతయైన అబ్దుర్ రజాక్ క్రీ. శ. 1443లో విజయనగరమును దర్శించెను. అతడు చెప్పిన ప్రకారము వరహాలో సగము ప్రతాపము. ప్రతాపములో బదియవ వంతు పణము. పణములో నారవ వంతు వెండి తార. తారలో మూడవ వంతు రాగి జీతలు. ఈ లెక్కచొప్పున నొక వరహాకు ఇరువది పణములు, 120 తారలు, 360 జీతళ్ళు. ఇంచుమించు 3.4 గ్రాముల తూకముగల యొక బంగారు బిళ్ళకు మున్నూటయరువది రాగిబిళ్ళలు సరియగుచున్నవన్నమాట. ఒక రాజ్యమున జనబాహుళ్యముయొక్క నిత్యవ్యవహారము దేనిచే నడచునో యీ సంఖ్యయే చెప్పుచున్నది.

ఇట్టి నాణెములను గుర్తించుటలో మొదటి కష్టము కాలనిర్ణయము. బహమనీ సుల్తానుల నాణెములు పెక్కింటిమీద హిజ్రీ సంవత్సర ముండును. విజయనగరపు నాణెముల మీద శకవర్షము గాని సంవత్సరనామము గాని లేదు. రాజునామమే యాధారము. ఆ నామమైనను సంపూర్ణముగా గనబడుట యరుదు. కమ్మటమునందలి యచ్చు పెద్దది, రాగిబిళ్ళ చిన్నది. అందుచే నచ్చునందలి లేఖలో నొక భాగమే బిళ్ళమీద బడును; తక్కినది యంచు దాటిపోవును. మిగిలిన దానిలో గొంత యరుగుదలచే నశించును.

రెండవ కష్టము బిరుదములవలన గలుగునది. నాగరలిపిలో మూడు పంక్తులుగా, పంక్తికిని పంక్తికిని నడుమ గీతలతో, ‘శ్రీప్ర – తాపకృ – ష్ణరాయ’ యని కృష్ణదేవరాయల (1509–1529) నాణెముల మీద నుండును. మొదటి పంక్తియు రెండవ పంక్తిలోని మొదటి రెండక్షరములును మాత్రమే నిలిచినచో దాని నెవ్వరి కీయవలయును? ‘శ్రీప్రతాప’ యనునది రెండవ హరిహరుడు, దేవరాయలు, కృష్ణరాయలు, అచ్యుతరాయలు, సదాశివరాయలు మున్నగు ననేకులకు సాధారణము. విశేషణమునకు వ్యావర్తకత్వము ప్రయోజనము. ఇందరికి జెందునది యెవ్వరిని వేరుచేయును? కావున నక్షరములు స్పష్టముగా నున్నంతమాత్రమున నిర్ణయము స్పష్టమైనట్లు కాదు. వ్యావర్తకమైన యక్షర మొక్కటియైనను గనబడువరకు నట్టి నాణెమును వంశమునకు జేర్పవచ్చును గాని రాజునకు జేర్పరాదు.

శాబ్దబోధమునకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి యను మూడును గారణములని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. రాగినాణెమును జదువుటకు నీ మూడే పనికివచ్చుచున్నవి. ఒకవైపునందలి లేఖ యపూర్ణమై మఱియొక పదము నపేక్షించుచున్నదా యని చూచుట ఆకాంక్ష. ఊహించిన పాఠమునకు బొమ్మయు లిపియు తూకమును బొసగుచున్నవా యని చూచుట యోగ్యత. ఆ నాణె మెచ్చట, వేనితో గూడ దొరకినదని విచారించుట సన్నిధి.

మొదట యోగ్యతను విచారింతము. మొదటి హరిహరుని (1336–1356) నాణెముల మీదను, బుక్కరాయని (1356–1377) నాణెముల మీదను కన్నడలిపిలో ‘శ్రీవీర’ శబ్దముతో రాజనామము గలదు. రెండవ హరిహరుని (1377–1404) కాలమునుండి నాగరలిపియు ‘ప్రతాప’ శబ్దమును బ్రబలినవి. కావున ‘వీర’యా ‘ప్రతాప’యా యని తేల్చుకొన్నచో ఇద్దరు హరిహరులకును భేదము తెలియును. తొలి నాణెముల మీద నడచుచున్న మూర్తి గరుడుడో హనుమంతుడో యను వివాదము కలదు. ముక్కును ఱెక్కలును దోచినచో గరుడుడు, తోక తోచినచో హనుమంతుడు. అరిగిన బిళ్ళమీద ముక్కెక్కడ, తోకయెక్కడ? అట్టిచోట బొమ్మ నిశ్చయింపక లేఖనే నమ్ముట మేలు. మోకాలూనిన గరుడుడు కృష్ణరాయల రాగినాణెముల మీదను గలడు. గరుడుని జూచినంతనే కృష్ణరాయలదనుట యెంత తొందరపాటో, వృషభమును జూచినంతనే రెండవ హరిహరునిదనుటయు నంతియే. ఏలయన వృషభము దేవరాయల రాగినాణెములందును గానవచ్చును.

ఇంతకంటె సూక్ష్మమైన యుదాహరణ మొకటి కలదు. దేవరాయల రాగినాణెములలో నొక జాతికి నొకవైపున ఏనుగును, రెండవవైపున ‘రాయగజగండభేరుండ’ యను బిరుదమును గలవు. శత్రురాజులనెడు గజములకు గండభేరుండమువంటివాడని యర్థము. అచ్యుతరాయల (1529–1542) బంగారు నాణెముల మీద గండభేరుండపక్షి ముక్కులతోను గోళ్ళతోను ఏనుగులను బట్టియున్నట్లు చిత్రింపబడినది. మొదటి దానిలో సమాసముగా నున్న భావమే రెండవదానిలో జిత్రమైనది. ఇరువుర నడుమ నించుమించు నూరేండ్లు. బిరుదమును మాత్రము చదివి ఏనుగు జాతిని అచ్యుతరాయల కంటగట్టినచో నూరేండ్ల ప్రమాదము గలుగును. పోనీ దేవరాయలదే యని నిశ్చయించినను గష్టము తీరదు. మొదటి దేవరాయలు (1406–1422), రెండవ దేవరాయలు (1424–1446) అని ఇరువురు గలరు. సరూపములైన శబ్దములలో నొక్కటియే మిగులుట వ్యాకరణమున ఏకశేషము. ఇచ్చటను ఇద్దరు రాజులకు ‘ప్రతాపదేవరాయ’ యను నొక్క శబ్దమే మిగిలినది. రెండవ దేవరాయలకు ‘గజబేంటెకార’ యను బిరుదము శాసనములలో నుండుటచే ఏనుగు జాతి నాతని కిచ్చుట యుక్తముగా దోచుచున్నది. కాని యది యనుమానప్రమాణమే గాని ప్రత్యక్షము కాదని మఱువరాదు.

ఇక ఆకాంక్ష. దీని బలమును దెలుపుటకు లక్కణ్ణ దండనాయకుని నాణెముకంటె మంచి యుదాహరణము లేదు. ఈతడు రెండవ దేవరాయల మంత్రి, సేనాని; ముళబాగిలు ప్రాంతమునకు నధికారి; కన్నడమున ‘శివతత్త్వచింతామణి’ని రచించిన కవి. శాసనము లీతనిని దక్షిణసముద్రాధిపతి యని కొనియాడినవి. ఈతని రాగినాణెమున కొకవైపున ఏనుగు. రెండవవైపున గన్నడలిపిలో ‘దణాయకరు’ అను పదముతో ముగియు లేఖ. ఆ వైపు మాత్రమే చదివినచో పదవి తెలియును; పేరు మొదలు లేక తెగియుండును. శబ్ద మాకాంక్షతో నిలిచిపోవును. తిప్పిచూచినచో ఏనుగుమీద నొంటరిగా ‘ల’ యను నక్షరము గలదు. అది యలంకారము కాదు. కమ్మటపు గుర్తును గాదు. రెండవవైపున దెగిన పేరునకు మొదటి యక్షరము. దానిని జేర్చి చదివినప్పుడే దణాయకుని పేరు పూర్తియగుచున్నది. బొమ్మవైపు వేరు, బొరుసువైపు వేరు అని చదువువారికి నీ నాణె మెన్నటికిని దన యర్థము చెప్పదు.

ఇచ్చట పదస్వరూపమును గమనింపదగినది. ‘దండనాయక’ శబ్దము లోకవ్యవహారమున ‘దణ్ణాయక’ యై, నాణెము మీద ‘దణాయక’ యైనది; చివరి ‘రు’ కన్నడమున గౌరవార్థక బహువచనము. అబ్దుర్ రజాక్ తన గ్రంథమున రాజ్యమునందలి ప్రధానుని ‘దనాయిక్’ అని పేర్కొని, యాతడు సింహళపు సరిహద్దులకు సముద్రయాత్రపై వెళ్ళియుండెనని వ్రాసెను. ఇతడే లక్కణ్ణయని చరిత్రకారు లనేకులు తలచిరి. పారసీకుని చెవికి వినబడిన రూపమును, కన్నడ కమ్మటీడు చెక్కిన రూపమును నొక్కటే యగుట గొప్ప విశేషము. సంస్కృతీకరింపబడిన రూపము మఱుగుపఱచు నానాటి యుచ్చారణమును గొద్దిపాటి రాగి నిలిపియుంచినది.

అంతకంటె ముఖ్యమగు విషయ మింకొకటి కలదు. తనపేర నాణెము ముద్రించుట రాజలక్షణములలో నొకటిగా నెంచబడుచుండెను. రాజు బ్రతికియుండగా నొక దండనాయకుడు తన పేరును బదవిని నాణెము మీద వేయించుకొనెననగా, రాజ్యమున నాతని యధికార మెంతటిదో, రాగినాణెముల ముద్రణము నెవ్వరి కెంతవరకు విడిచియుండిరో యను ప్రశ్నలు పుట్టుచున్నవి. ఈ ప్రశ్నలన్నియు నాధారపడియున్నది వడ్లగింజంత ‘ల’కారము మీద. ఆ యక్షర మరిగిపోయిన ప్రతి మాత్రమే దొరకియుండినచో చరిత్రలో నీ ప్రకరణమే యుండకపోవును.

మూడవది సన్నిధి. పదములు దూరదూరముగా నుచ్చరింపబడినచో వాక్యార్థము కలుగనట్లే, దొరకిన చోటినుండి వేరుచేయబడిన నాణెమునకు సగ మర్థము పోవును. ఒంటరిగా దొరకిన నాణెము వర్తకునితో నెంతదూరమైనను వచ్చియుండవచ్చును; దాని నాధారముగా నాచోటు ఫలానా రాజు నేలుబడిలోనిదని సిద్ధాంతము చేయరాదు. ఒకే కుండలో ననేకము దొరకినచో నవి యొక కాలమున గలసి చెల్లుచుండెనని యూహింపవచ్చును. అందు మిక్కిలి యరిగినది పాతది, కొత్తగా నున్నది పాతిపెట్టిన కాలమునకు దగ్గరిది యని తలపవచ్చును. కాని రాగినాణెములు సంతలోనికి వచ్చుసరికి కుండ పగిలిపోయియుండును, ఊరు మఱవబడియుండును, మంచివి యొకరికి, మాసినవి యొకరికి బంచబడియుండును. విజయనగరము నాణెమని హంపిలో గొన్నంతమాత్రమున నది హంపిలో దొరకినదని వ్రాయుట సత్యము కాదు.

విజయనగరపు నాణెములను శాస్త్రీయముగా వర్ణించుట పందొమ్మిదవ శతాబ్దిలో బాగుగా సాగినది. సర్ వాల్టర్ ఇలియట్ దక్షిణహిందూదేశపు నాణెములను గూర్చి రచించిన గ్రంథము 1886లో వెలువడినది. శాసనపరిశోధకుడగు హుల్ట్‌జ్ 1891లో ‘ఇండియన్ ఆంటిక్వెరీ’ పత్రికయందు విజయనగర రాజుల నాణెములను వర్ణించెను. శాసనములను జదువుట యందు గృషి చేసిన చేతనే నాణెముల పాఠమును నిర్ణయింపబడుట యుచితమే యైనది; రెండును లిపిజ్ఞానమును భాషాజ్ఞానమును గోరునవియే. నాణెములందలి సంస్కృతసమాసములు, కన్నడ తెలుగుల తద్భవములు, నానావిధ లిపులు పండితులకు బరిచితములు. కావున నీ విషయము ధనవంతుల వినోదమని పండితులు విడువదగినది కాదు.

సేకరణమున జేయదగినవానికంటె జేయరానివి ముందు తెలియవలయును. రాగిమీది యాకుపచ్చని చిలుమును జూచి చింతపండుతో దోముటయు, ఆమ్లములలో ముంచుటయు గలదు. రాగి తళతళలాడును, అక్షర మడుగంటును. గట్టిపడిన చిలుము పలుమారు లక్షరమును గాపాడు పైపొరయై యుండును. మన్నును మాత్రము నీటితో దడిపి మెత్తని కుంచెతో దీసి, నీడలో నారబెట్టుట చాలును. పిమ్మట ఛాయాచిత్రము నొక వైపునుండి పడు వెలుగులో దీయవలయును. ఎదుటి వెలుగున గనబడని గీత ప్రక్కవెలుగున గనబడును. తూకమును గ్రాములలో రెండు దశాంశములవరకును, వ్యాసమును మిల్లీమీటర్లలోను గుర్తింపవలయును. అంచున ఆకురాయి గీతలును, పైన బుడగల గుంటలును గలదానిని పోతపోసిన నకలుగా శంకింపవలయును. చదివిన యక్షరములను వేరుగను, ఊహించిన యక్షరములను కుండలీకరణములలోను వ్రాయవలయును. ఈ చివరి నియమ మతిముఖ్యము. ఊహించినదానిని చదివినదానివలె వ్రాసిన యొక్క పట్టిక పదిమంది గ్రంథకర్తలను దారి తప్పించును.

చట్టమును దెలిసియుండవలయును. 1878వ సంవత్సరపు నిధుల చట్టము, భూమిలో దాగియున్న పది రూపాయలకు మించిన విలువగల వస్తువులను గూర్చి కలెక్టరునకు దెలుపవలయునని విధించినది. 1972వ సంవత్సరపు పురావస్తువుల చట్టమున నూరేండ్లకు దక్కువకాని నాణెములు పురావస్తువులలో జేరినవి. వానిని ప్రజలు దేశాంతరమునకు బంపుట నిషిద్ధము.

పెనుగొండ, చంద్రగిరి, ఉదయగిరి ప్రాంతముల పాఠశాలలలోని పండితుల కిందు గొప్ప యవకాశము గలదు. వాన వెలిసిన పిమ్మట దుక్కిలో దొరకిన రాగిబిళ్ళను బాలు డొకడు గురువునకు జూపినచో, దాని విలువ యెంతయని యడుగుటకుముందు ఏ యూరిలో, ఏ పొలమున, వేనితో గూడ దొరకినదో యడిగి, నాటి తేదీతో నొక కాగితముమీద వ్రాసి యుంచవలయును. పాఠము తెలియకున్నను లోపము లేదు. లిపి చదువగలవా రిప్పుడు గాకున్న నింక బదియేండ్లకైనను దొరకుదురు. దొరకిన చోటు మాత్ర మానా డడిగినగాని మఱి దొరకదు. నిశ్చయము లేనిచోట ‘దేవరాయలది కావచ్చును’ అని వ్రాసి విడుచుటలో నవమాన మేమియు లేదు. తప్పుపేరు పెట్టబడిన నాణెమును సరిదిద్దుటకంటె పేరు పెట్టక యుంచిన నాణెమునకు బేరు పెట్టుట సులభము.